వెనుక సీట్లో కూర్చుని చూసినప్పుడు: లగ్జరీ సెడాన్ ఎంపికలో నా అనుభవం

మా అమ్మగారికి రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్స జరిగిన తరువాత, పదమూడేళ్లుగా మమ్మల్ని మోసిన చిన్న కారును మార్చక తప్పలేదు. ఆమె నెలకు రెండు మూడు సార్లు దూరప్రయాణం చేయవలసి ఉంటుంది. ఆ ప్రయాణమంతా వెనుక సీట్లోనే సాగుతుంది, కారు నేనే నడుపుతాను. అవసరం ఇంత సూటిగా ఉన్నప్పటికీ ఎంపిక పూర్తి కావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. జీవితంలో ఒక్కసారైనా పేరున్న పెద్ద సెడాన్‌ను సొంతం చేసుకోవాలన్న కోరిక నాకు ఎప్పటినుంచో ఉంది. అయితే ఆ పేరు దేనివల్ల వచ్చిందో, అది ఇప్పటికీ నిలిచి ఉందో లేదో తెలుసుకోకుండా దాని కోసం అంత సొమ్ము పెట్టడం నాకు మనస్కరించలేదు. ఆ క్రమంలో నేను చదివినవి, నడిపి చూసినవి, పొరబడినవి ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటి నెల బ్రోషర్లతోనే గడిచిపోయింది. మెర్సిడెస్-బెంజ్ ఎస్-క్లాస్, బీఎండబ్ల్యూ 7 సిరీస్, ఆడి ఏ8, లెక్సస్ ఎల్ఎస్, జెనెసిస్ జీ90 అనే ఐదింటి వివరాలను ఒక పట్టికలో పక్కపక్కన వేసుకున్నాను. అన్నీ ఐదు మీటర్లకు పైబడిన పొడవు గలవే, ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం అన్నింటిలో మూడు మీటర్లకు అటూ ఇటూగానే ఉంది, అన్నింటిలోనూ మర్దన చేసే సీట్లు, నాలుగు వైపులా కెమెరాలు, ఇరవైకి మించిన స్పీకర్లు దొరుకుతున్నాయి. నిలిచిన చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుందన్న అంకె దగ్గర నేను చాలా సేపు ఆగిపోయాను, అది నా మొదటి పొరపాటు. వెనుక సీట్లో కొత్త మోకాళ్లతో కూర్చున్న మనిషికి ఆ అంకెతో ఏ సంబంధమూ లేదు. పట్టికను పక్కన పెట్టి, ఈ సంస్థల చరిత్ర చదవడం మొదలుపెట్టిన తరువాతే నాకు దారి కనిపించింది.

మెర్సిడెస్ విషయంలో అందరికీ తెలిసిన కథ 1886 నాటిది. ఆ ఏడాది జనవరి 29న కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. మెర్సిడెస్ అనే పేరు మాత్రం ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి కుమార్తెది. 1901లో విల్‌హెల్మ్ మైబాక్ రూపొందించిన కారుకు ఆ పేరు పెట్టారు. డైమ్లర్, బెంజ్ సంస్థలు 1926లో ఒక్కటయ్యాయి. ఇవన్నీ ఆసక్తికరమైనవే గాని, ఒక కారు నిజంగా గొప్పదని నమ్మడానికి పుట్టుపూర్వోత్తరాలు చాలవు. నన్ను కదిలించినది ఆ తరువాతి చరిత్ర. ప్రమాదంలో కారు ముందు, వెనుక భాగాలు నలిగి దెబ్బను తమలోకి తీసుకోవాలి, మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా నిలబడాలి అన్న ఆ సంస్థ ఇంజనీరు బేలా బరేన్యి ఆలోచన 1959లో వచ్చిన మెర్సిడెస్ సెడాన్లలో అమలైంది. ఎస్-క్లాస్ అన్న పేరు 1972లో అధికారికంగా వచ్చింది. ఆ తరం కార్లలోనే బ్రేకు గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను బాష్ సంస్థతో కలిసి చేసి 1978లో ప్రవేశపెట్టారు, దాని తరువాతి తరంలో 1981లో డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ అమర్చారు, కారు అదుపు తప్పి పక్కకు జారకుండా ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసే ఈఎస్‌పీ 1995లో ఎస్-క్లాస్ కూపేతో మొదలైంది. ఇవాళ సామాన్యుడు కొనే చిన్న కారులో కూడా ఈ మూడూ ఉంటున్నాయి. అంటే ఖరీదైన కారు కొన్నవారి సొమ్ముతో పరీక్షకు నిలిచిన పద్ధతులు ఒకటి రెండు దశాబ్దాల్లో అందరి ప్రాణాలకూ కాపలా అయ్యాయి. ఈ ఒక్క సంగతి తెలిసిన తరువాత బానెట్ మీద మెర్సిడెస్ గుర్తైన నక్షత్రాన్ని నేను చూసే చూపే మారిపోయింది.

ఇదే సందర్భంలో వోల్వోను తలచుకోకుండా ఉండలేను. ఆ సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో మూడు చోట్ల బిగిసే సీటు బెల్టును రూపొందించినప్పుడు, దాని పేటెంటును ఇతర తయారీదారులందరూ వాడుకోవడానికి వదిలిపెట్టారు. ఆ సంస్థ పెద్ద సెడాన్ నా అవసరానికి కొంచెం చిన్నదైనందువల్ల జాబితాలో నిలవలేదు గాని, ప్రతిష్ఠ అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తెలుగులో దర్పం, హుందాతనం అని రెండు మాటలున్నాయి. నేను కారు కొనబోయిన మొదటి రోజుల్లో నాకు కావలసింది ఏదో నాకే స్పష్టంగా తెలియదు. దర్పం ఎదుటివాడి కళ్లలో ఉంటుంది, ఎదుటివాడు లేకపోతే అది కూడా ఉండదు. హుందాతనం మాత్రం చీకట్లో, ఎవరూ చూడని చోట కూడా మనిషిని అంటిపెట్టుకునే ఉంటుంది. కార్లకు కూడా ఈ తేడా వర్తిస్తుందన్న అనుమానం చదువుతున్నకొద్దీ బలపడింది, దానిని పరీక్షించే పద్ధతి ఒకటి నేనే ఏర్పరచుకున్నాను. ప్రతి కారునూ రాత్రిపూట, పాటలు ఆపి, నాలుగు రకాల దారుల మీద నడపాలి. ఆ తరువాత మరొకరి చేత నడిపించి నేను వెనుక కూర్చోవాలి. చివరగా అమ్మను కూర్చోబెట్టాలి. ప్రతిసారీ అవే ప్రశ్నలకు జవాబులు ఒక నోటు పుస్తకంలో వ్రాయాలి.

ఈ పద్ధతికి అన్ని షోరూములూ ఒప్పుకోలేదు. ఒక చోట అమ్మకందారు గంటసేపు నాతోనే మాట్లాడి, పక్కనే చేతికర్రతో నిలబడి ఉన్న అమ్మకు కనీసం కుర్చీ చూపలేదు. టెస్ట్ డ్రైవ్‌లో ఆమెను కూడా ఎక్కించుకుంటామంటే, కారు నడిపేది మీరే కదా అన్నాడు. ఆ సంస్థ పేరు వ్రాయదలచుకోలేదు, ఎందుకంటే అది ఒక మనిషి చేసిన తప్పు. అయినా ఆ కారు నా జాబితా నుంచి ఆ సాయంత్రమే తొలగిపోయింది. మరొక చోట మాత్రం ఒక యువతి అమ్మ నడుము ఎత్తును గమనించి, సీటును ముందే వెనక్కి జరిపి, తలుపు తెరిచి పట్టుకుని, ‘‘నెమ్మదిగా కూర్చోండమ్మా, ముందు కూర్చుని తరువాత కాళ్లు లోపలికి తీసుకోండి’’ అని చెప్పింది. మోకాళ్లు నొప్పిగా ఉన్నవారు కారు ఎక్కవలసిన సరైన తీరు అదేనని మాకు ఫిజియోథెరపిస్టు చెప్పిన మాటే ఆమె నోట విన్నాము.

నడిపిన కార్లలో నాకు మొదట తెలియవచ్చిన తేడా ఆగడంలో ఉంది. వేగం అందుకోవడం ఈ తరగతిలో అన్నింటికీ సులువే. బ్రేకు మీద కాలు పెట్టిన తరువాత చివరి గజం దూరంలో కారు ఎలా నిలబడుతుందన్నది చూడాలి. కొన్ని కార్లు ఆగిన క్షణంలో ముక్కును కిందికి వంచి మళ్లీ పైకి లేపుతాయి, దానితో వెనుక కూర్చున్నవారి తల కూడా ఒకసారి ముందుకు ఊగి వెనక్కి వస్తుంది. మంచి కారులో మంచి డ్రైవరు ఉంటే, ఆగిందన్న సంగతి కిటికీలోంచి చూస్తే తప్ప తెలియదు. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో మోటారు వేసే బ్రేకునూ మామూలు బ్రేకునూ అతుకు కనబడకుండా కలపడం ఇంజనీర్లకు పెద్ద పని. ఆ అతుకు తెలిసిన చోట నా నోటు పుస్తకంలో ఎర్ర గీత పడింది.

రెండవది నిశ్శబ్దం. లోపలికి వచ్చే చప్పుడు మూడు చోట్ల పుడుతుంది: ఇంజన్, టైర్లు, గాలి. మధ్యస్థ వేగంలో టైర్ల రొద ప్రధానంగా ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ కిటికీ స్తంభాల దగ్గర, అద్దాల దగ్గర గాలి ఒరుసుకునే శబ్దం దాన్ని మించిపోతుంది. అందుకే ఈ తరగతి కార్లలో రెండు పొరల మధ్య పలుచని పొర అతికించిన అద్దాలు, లోపలి గోడకు స్పాంజి అంటించిన టైర్లు వాడతారు. ఎన్ని డెసిబెల్స్ అని కొలిచే పరికరం నా దగ్గర లేదు, దాని అవసరం కూడా రాలేదు. వెనుక కూర్చున్న అమ్మ మామూలు గొంతుతో మాట్లాడితే, హైవే వేగంలో నేను తల తిప్పకుండా, మళ్లీ అడగకుండా వినగలిగానా లేదా అన్నదే నా కొలత. కుటుంబంతో ప్రయాణించేవారికి ఇంతకంటే నికరమైన పరీక్ష లేదని నా అభిప్రాయం.

ఈ కొలతకు పై హద్దు ఎక్కడుందో తెలుసుకోవాలనుకున్నాను. ఒక దగ్గరి పరిచయస్థుని పుణ్యాన రోల్స్-రాయిస్ గోస్ట్ వెనుక సీట్లో ఒక గంట కూర్చునే అవకాశం వచ్చింది. కొనే ఆలోచనతో ఎక్కలేదు, కొలబద్ద ఒకటి కావాలని ఎక్కాను. ఆ కారులో ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు ఉండదు. ఇంకా ఎంత శక్తి నిల్వ ఉందో చూపే ముల్లు ఉంటుంది. చక్రం ఎంత తిరిగినా మధ్యలోని రెండు ఆర్ అక్షరాలు నిటారుగానే నిలుస్తాయి. తలుపు మందంలోనే గొడుగు దాగి ఉంటుంది. 2020లో వచ్చిన తరాన్ని రూపొందించేటప్పుడు ఆ సంస్థ వంద కిలోలకు మించి శబ్దాన్ని అణచే పదార్థాలను వాడింది. తీరా నమూనా సిద్ధమయ్యాక లోపల నిశ్శబ్దం మరీ గాఢమై మనిషిని తికమకపెడుతోందని గ్రహించి, వినీ వినబడని సన్నని స్వరం ఒకటి లోపల మిగిలేలా సర్దారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు, అయినా అందులో కూర్చున్నప్పుడు ఆ స్వరం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. చార్లెస్ రోల్స్, హెన్రీ రాయిస్ 1904లో మాంచెస్టర్‌లో కలుసుకున్నారు. 1907లో వారి సిల్వర్ గోస్ట్ దాదాపు 15,000 మైళ్ల దీర్ఘ పరీక్షకు నిలబడి పేరు తెచ్చుకుంది. ఆ కీర్తికి మూలం బంగారు పూతలో లేదు, చెడిపోకుండా నడవడంలో ఉంది.

కీర్తి అలా మొదలైన సంస్థ అదొక్కటే కాదు. 1908లో కాడిలాక్ కార్లు మూడింటిని బ్రిటన్‌లో పూర్తిగా విప్పి, విడిభాగాలన్నీ కలగలిపి, మళ్లీ మూడు కార్లుగా బిగించి 500 మైళ్లు నడిపారు. అవి నడిచాయి, బ్రిటన్ ఆటోమొబైల్ క్లబ్ ఇచ్చే ఆ ఏటి డ్యూవర్ ట్రోఫీ వాటికి దక్కింది. ఒక కారు భాగం మరో కారుకు అతికినట్టు సరిపోవడం ఆనాటికి వింత. తరువాతి కాలంలో ఆ ఖచ్చితత్వం అందరికీ అబ్బింది, కాబట్టి దాని మీద నిలిచిన ప్రతిష్ఠ కూడా కొత్త ఆధారం వెతుక్కోవలసి వచ్చింది.

బీఎండబ్ల్యూ కథ మరో రకమైనది. 1959 చివరలో ఆ సంస్థ ఆర్థికంగా చితికి, డైమ్లర్-బెంజ్ చేతుల్లోకి పోవలసిన స్థితికి వచ్చింది. పారిశ్రామికవేత్త హెర్బర్ట్ క్వాంట్ పెట్టుబడి పెట్టి నిలబెట్టగా, 1961లో చూపిన 1500 మోడల్‌తో చురుకైన నాలుగు తలుపుల కారు అన్న కొత్త గుర్తింపు దానికి వచ్చింది. నడిపేవాడికి ఆనందం కలిగించాలన్న ఆ పట్టుదలే ఇప్పటికీ దాని ప్రాణం. వరుసగా నిలిచిన ఆరు సిలిండర్ల ఇంజన్‌లో కదిలే భాగాల ఊపులు ఒకదానినొకటి సహజంగానే రద్దు చేసుకుంటాయి, అందువల్ల అది నూనె పోసినట్టు తిరుగుతుంది. మిగతా సంస్థలు దాన్ని వదిలేసిన రోజుల్లో కూడా బీఎండబ్ల్యూ వదలలేదు. మెర్సిడెస్ సైతం 2017లో మళ్లీ ఆ వరుసకే తిరిగి వచ్చింది. నీలం తెలుపు గుర్తు తిరిగే విమానపు రెక్కకు ప్రతీక అని చాలామంది చెబుతారు, నేను కూడా అలాగే నమ్మాను. అవి బవేరియా రాష్ట్రపు రంగులు. విమానపు రెక్క కథ 1929 నాటి ఒక ప్రకటన చిత్రం నుంచి పుట్టింది. 7 సిరీస్‌ను నడిపిన రాత్రి నాకు ఇంటికి వెళ్లాలనిపించలేదు. స్టీరింగ్‌కూ ముందు చక్రాలకూ మధ్య ఎంత దగ్గర సంబంధం ఉండవచ్చో ఆ వంపుల దారిలో తెలిసింది. వెనుకవైపు పైకప్పు నుంచి దిగే 31.3 అంగుళాల తెరను అమ్మ ఒక నిమిషం చూసి, కిటికీలోంచి బయటికి చూసుకుంటే చాలునని చెప్పారు.

ఆడి గురించి క్లుప్తంగా చెబుతాను. ఆగస్ట్ హోర్ఖ్ 1909లో తాను స్థాపించిన సంస్థను వీడి కొత్తది పెట్టినప్పుడు, తన పేరునే వాడుకునే హక్కు పోవడంతో, జర్మన్‌లో ‘విను’ అని అర్థమిచ్చే ఆ పేరును లాటిన్‌లోకి మార్చుకున్నాడు. నాలుగు వలయాలు 1932లో కలిసిన నాలుగు సంస్థలకు గుర్తు. 1980లో నాలుగు చక్రాలకూ శక్తినందించే క్వాట్రో, 1994లో అల్యూమినియం శరీరంతో వచ్చిన ఏ8 ఆ సంస్థను పెద్దల పంక్తిలో కూర్చోబెట్టాయి. లోపలి అమరికలో బిగువు, అతుకుల సన్నదనం విషయంలో దానికి నా నోటు పుస్తకంలో మంచి మార్కులే పడ్డాయి, కాని మనసు అక్కడ నిలవలేదు. దానికి కారణం చెప్పడం కష్టం, ఇంజనీరింగ్ లోపం మాత్రం కాదు.

చూపు విషయంలో ఒక రహస్యం ఈ కాలంలోనే తెలిసింది. ఏ కారు అయినా పక్కనుంచి చూసినప్పుడు ముందు చక్రానికీ ముందు తలుపు అంచుకీ మధ్య ఎంత జాగా ఉందో గమనించండి. ఇంజన్‌ను పొడవుగా అమర్చి వెనుక చక్రాలను తిప్పే కార్లలో ఆ జాగా ఎక్కువగా ఉంటుంది, ముందు చక్రాలే లాగే కార్లలో చక్రం తలుపును దాదాపు తాకుతున్నట్టు ఉంటుంది. ఏ గుర్తూ లేకుండా దూరం నుంచే ఒక కారు పెద్దరికంగా కనిపించడానికి ఆ నాలుగు అంగుళాల జాగా చేసే మేలు క్రోమ్ పట్టీలు చేయలేవు. దీనికి భిన్నమైనది చక్రాల పరిమాణం. ఒకే మోడల్‌ను 19 అంగుళాల చక్రాలతోనూ, 21 అంగుళాల చక్రాలతోనూ ఒకే దారిలో నడిపి చూశాను. పెద్ద చక్రాలు కంటికి ఇంపుగా ఉన్నాయి, కాని టైరు గోడ పలుచబడినందువల్ల ప్రతి గతుకూ సీటు వరకు వచ్చింది. కారును గాలి సంచుల మీద నిలిపే ఎయిర్ సస్పెన్షన్ ఎంత గొప్పదైనా టైరులోని గాలి చేయవలసిన పనిని అది పూర్తిగా చేయలేదు. ఈ తరగతి కారు కొనేవారెవరైనా నన్ను సలహా అడిగితే ముందుగా చెప్పేది చిన్న చక్రాలు ఎంచుకోమనే.

నాలుగో నెలలో నా ఆలోచనను తలకిందులు చేసిన సంఘటన ఒక మరమ్మతుశాలలో జరిగింది. అన్ని సంస్థల పాత సెడాన్లనూ బాగుచేసే అనుభవజ్ఞుడైన మెకానిక్ ఆయన. ‘‘కొన్న రోజున అన్నీ మహారాజులే సార్. పదో ఏట ఏది రాజులా ఉందో చూడండి’’ అని నన్ను షెడ్డు చివరకు తీసుకువెళ్లారు. అక్కడ ఒక మూల ఫోక్స్‌వ్యాగన్ ఫేటన్ నిలబడి ఉంది. నేను దాని గురించి చదివానే గాని ఎన్నడూ చూడలేదు. అప్పటి ఫోక్స్‌వ్యాగన్ అధినేత ఫెర్డినాండ్ పియెక్ పట్టుదల మీద 2002లో వచ్చిన ఆ కారు కోసం డ్రెస్డెన్‌లో అద్దాల గోడలతో కర్మాగారం కట్టారు. బయట 50 డిగ్రీల వేడిలో రోజంతా గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచినా లోపల 22 డిగ్రీలు నిలవాలన్నది ఆయన ఇంజనీర్లకు పెట్టిన షరతుల్లో ఒకటిగా ప్రసిద్ధం. ఆ మెకానిక్ డ్యాష్‌బోర్డు మీద చెక్క పలకలు కదిలి గాలి మార్గాలు తెరుచుకోవడం చూపించారు. ఇన్నేళ్ల తరువాత కూడా అవి చప్పుడు లేకుండా జరిగాయి. అంత కారునూ కొనేవారు తగినంత మంది దొరకలేదు, 2016లో ఉత్పత్తి ఆగిపోయింది. అదే మూలనిర్మాణాన్ని పంచుకున్న బెంట్లీ కాంటినెంటల్ జీటీ 2003లోనూ, ఫ్లయింగ్ స్పర్ 2005లోనూ వచ్చి బెంట్లీకి కొత్త ఊపిరి పోశాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎముకలు ఒకటే, బెంట్లీ రెక్కల గుర్తు ఒకదానికి గౌరవం తెచ్చింది, ఫోక్స్‌వ్యాగన్ అంటే సామాన్యుల కారు అన్న పేరు మరొకదానికి అడ్డుపడింది. అయితే ప్రతిష్ఠ అంతా పేరేనా అన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. దానికి ఎదురుగా మైబాక్ ఉదాహరణ ఉంది. 2002లో మెర్సిడెస్ మాతృసంస్థ ఆ చారిత్రక కారు నామాన్ని మళ్లీ లేపి విడిగా నడిపిన ప్రయత్నం దశాబ్దంలోనే ముగిసింది. తరువాత ఎస్-క్లాస్ మీద నిలబెట్టినప్పుడే ఆ పేరు కుదురుకుంది. ఇక పేరే లేని చోటు నుంచి మొదలైన, టొయోటా వారి లగ్జరీ బ్రాండు లెక్సస్ ఉండనే ఉంది.

1983లో టొయోటా అధినేత ఐజీ టొయోడా ప్రపంచంలోని ఉత్తమ కార్లతో పోటీపడే సెడాన్ చేయగలమా అని తన వారిని అడిగాడు. ఆరేళ్ల శ్రమ తరువాత 1989లో ఎల్ఎస్ 400 వచ్చింది. బానెట్ మీద షాంపేన్ గ్లాసులను గోపురంలా పేర్చి, చక్రాలను రోలర్ల మీద అతివేగంగా తిప్పి, ఒక్క గ్లాసు కూడా ఒరగకపోవడం చూపిన ప్రకటన ప్రసిద్ధమైంది. నాకు అంతకంటే గొప్పగా తోచినది ఆ ఏడాది డిసెంబరులో జరిగింది. వైరింగ్‌లోనూ, వేగాన్ని ఒకే స్థాయిలో ఉంచే క్రూజ్ కంట్రోల్‌లోనూ లోపం ఉన్నట్టు ఫిర్యాదులు రాగానే, అమ్మిన దాదాపు 8,000 కార్లన్నింటినీ సరిచేయడానికి పూనుకున్నారు. యజమానుల దగ్గరి నుంచి కార్లను తీసుకువెళ్లి, బాగుచేసి, కడిగి తిరిగి అప్పగించారు. కొత్తగా వచ్చిన సంస్థకు పరువు తీసే ప్రమాదమే దానికి పరువు తెచ్చిపెట్టింది. వయసులేని పేరు అలా ఒక శీతకాలంలో వయసు సంపాదించుకుంది. 2015లో హ్యుందాయ్ నుంచి విడి బ్రాండుగా నిలబడిన జెనెసిస్ కూడా ఇలాంటి దారిలోనే నడుస్తోందని అనిపించింది. దాని వెనుక సీటు ఎంతో బాగుంది, కాని పదేళ్లు వాడిన దాని పెద్ద సెడాన్లు నాకు తగినన్ని చూడ దొరకలేదు.

టొయోటాలోనే 1967 నుంచి వస్తున్న సెంచరీ అనే కారు ఉంది. జపాన్‌లో ఉన్నతాధికారులు, పెద్ద సంస్థల అధిపతులు వాడే ఆ కారు సీట్లకు తోలు కంటే ఉన్ని వస్త్రాన్ని మేలుగా ఎంచుతారు, ఎందుకంటే కదిలినప్పుడు తోలు కిర్రుమంటుంది, ఉన్ని మాట్లాడదు. దాని మీద ఫీనిక్స్ పక్షి ముద్ర ఉంటుంది. ఈ సంగతి అమ్మకు చెబితే, ‘‘అది కదరా మర్యాద అంటే’’ అన్నారు.

ఐదో నెల నుంచి నేను కొత్త కార్లు చూడడం మానేసి, ఆ మెకానిక్ దగ్గరికి వచ్చే పదేళ్లు దాటిన కార్లనే చూశాను. పెద్ద సెడాన్ల విలువ మొదటి కొన్నేళ్లలోనే వేగంగా పడిపోతుంది, కాబట్టి రెండో యజమాని, మూడో యజమాని చేతుల్లో వాటి అసలు గుణం బయటపడుతుంది. ఎయిర్ సస్పెన్షన్‌లోని రబ్బరు సంచులు, వాటికి గాలి నింపే కంప్రెసర్ కొంతకాలానికి మార్చవలసినవే. అది ఏ సంస్థ కారుకైనా తప్పదు, కాబట్టి వాటిని లోపంగా లెక్కించలేదు. నేను చూసినవి వేరు. స్టీరింగ్ మీద చెయ్యి పడే చోట తోలు నిగనిగలాడుతోందా, మెత్తదనం నిలుపుకుందా. బొత్తాల మీద అక్షరాలు చెరిగాయా. వెనుక తలుపు వేస్తే మొదటి రోజు శబ్దమే వస్తోందా. ఒక ఖరీదైన కారులో, పేరు చెప్పను, బొత్తాల మీది పూత చర్మంలా ఊడిపోయి చేతికి జిగురు అంటింది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇలాంటి వాటిని చూసే పుట్టి ఉంటుంది. మరో కారు రెండు లక్షల కిలోమీటర్లు దాటి కూడా, తలుపు వేసినప్పుడు పుస్తకం మూసినంత మెత్తగా మూసుకుంది. అది రెండో తరం ఎల్ఎస్. దాని పక్కనే నిలిచిన పాత ఎస్-క్లాస్ సీటు స్ప్రింగులు కూడా ఏ మాత్రం కుంగలేదు. చివరికి నా పోటీ ఈ ఇద్దరి వారసుల మధ్యనే మిగిలింది.

మనసు విప్పి చెప్పాలంటే, నడిపేవాడిగా నేను 7 సిరీస్ కోరుకున్నాను, చదువరిగా ఎస్-క్లాస్‌కు నమస్కరించాను. తేల్చినది మాత్రం అమ్మ. వాడిన కార్ల విభాగంలో నాలుగేళ్ల వయసున్న హైబ్రిడ్ లెక్సస్ ఎల్ఎస్ 500హెచ్ ఒకటి మంచి రికార్డుతో దొరికింది. తాళం తీయగానే దాని ఎయిర్ సస్పెన్షన్ ఎక్కేవారి సౌకర్యం కోసం శరీరాన్ని కొంచెం పైకి లేపుతుంది. అమ్మ దాని ముందు నిలబడి ఉండగా కారు లేచింది. ఆమె మొదట ఒక అడుగు వెనక్కి వేశారు, తరువాత విషయం అర్థమై, చేతికర్రను నాకు అందించి, సీటు అంచున కూర్చుని, కాళ్లు రెండూ కలిపి లోపలికి తీసుకున్నారు. ఈ ఏడు నెలల్లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆమె కారులో కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. కొంచెం దూరం వెళ్లాక వెనుక నుంచి, గొంతు పెంచకుండానే, ‘‘మెల్లగా పోనీరా, తొందరేం లేదు’’ అన్నారు. నాకు స్పష్టంగా వినిపించింది.

కొనే ముందు ఆ మెకానిక్ చేత కారును ఎత్తించి అడుగు భాగమంతా చూపించాను. హైబ్రిడ్ బ్యాటరీ పరీక్ష నివేదిక, సర్వీసు పుస్తకం సరిచూసుకున్నాను. 20 అంగుళాల చక్రాలు వచ్చాయి గనుక ఇప్పటికి వాటినే ఉంచి, మంచి టైర్లు వేయించాను. ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం నోటు పుస్తకంలో కొత్త పేజీ తెరిచి, దూరం చూపే మీటరులోని అంకె, నాలుగు తలుపులు మూసుకున్న శబ్దం ఎలా ఉందో నాలుగు మాటలు, స్టీరింగ్ తోలు, వెనుక ఎడమ సీటు మెత్తదనం, బొత్తాల అక్షరాలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు వ్రాసి, తేదీ వేశాను. పక్క పేజీని ఖాళీగా వదిలి, దాని తలపైన ఆరేళ్ల తరువాతి తేదీ వేసి ఉంచాను. అప్పటికి ఈ కారుకు పదేళ్లు నిండుతాయి.